జరగని గోలుకు సాక్ష్యం

మోకాలు అరిగింది అని రాశావా బిడ్డా? అరిగింది అని కాదు, అరగదీసుకున్నాడు అని రాయి. రెండింటికీ తేడా ఉంది. ఎడమ మోకాలు. కుడిది బాగానే ఉంది, దాని ఊసెత్తకు. ఎవరు విన్నా అర్థమయ్యేలా మొదటినుంచి చెబుతాను. నిదానంగా రాయి రజితా, నాకూ తొందర లేదు.

నా పేరు గుండ్ల లింబాద్రి. ఉండేది బొల్లారం. రాష్ట్ర సబ్బుల సంస్థలో పని చేసి రిటైరయ్యాను. పని అంటే సబ్బుల పని కాదు. ఆ రోజుల్లో ప్రతి సర్కారు సంస్థకూ ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండాలి. జట్టు లేని సంస్థ పెద్దసారును మీటింగుల్లో వెనక వరుసలో కూర్చోబెట్టేవారట. అందుకని నన్ను ప్యాకింగ్ అసిస్టెంటని కాగితం మీద తీసుకుని, గ్రౌండులో లెఫ్ట్ బ్యాక్‌గా నిలబెట్టారు. నా సర్వీసంతా అయిపోయింది, నేను ఒక్క సబ్బును కూడా కాగితంలో చుట్టలేదు.

లెఫ్ట్ బ్యాక్ అంటే ఏమిటో చెప్పాలి. అవతలి జట్టువాడు కుడి పక్కనుంచి బాల్ తీసుకుని మన గోల్ మీదికి పరిగెత్తుకొస్తాడు. వాణ్ణి రానివ్వకపోవడం నా ఉద్యోగం. నేను బాగా పని చేసిన రోజున ఏమీ జరగదు. ఏమీ జరగకపోతే జనం ఆట ముగియకుండానే సైకిళ్ళు తీసేవారు. మర్నాడు పేపర్లో 'ఆట చప్పగా సాగింది' అని పడేది. మీ నానమ్మ ఆ ముక్కలు కత్తిరించి బియ్యం డబ్బా మూతకు లోపలివైపు అంటించేది. మా ఆయన ఆడితే ఆట చప్పగ సాగుతది అని వాడకట్టంతా చెప్పుకునేది. ఆమెకు ఆట తెలుసు.

అవతలివాడు అంటే నాకు ఎప్పుడూ ఒక్కడే, అజ్మత్. రాష్ట్ర విత్తనాల సంస్థ జట్టు. కుడి అంచున ఆడేవాడు. భుజం ఒకవైపు వాల్చి వస్తే గాలి పక్కకు తప్పుకునేది. అతను గోల్ కొట్టిన రోజున జనం భుజాల మీద ఎక్కించుకుని ఊరేగించేవారు. కొట్టని రోజున, అంటే నేను బాగా ఆడిన రోజున, నన్ను ఎవరూ ఎక్కించుకునేవారు కాదు. ఏమీ జరగలేదు కదా, దేనికని ఎక్కించుకుంటారు.

మా ఇద్దరికీ ఒక పాత పంచాయితీ ఉంది. ఆబ్కారీ కప్పు ఫైనల్. వాన పడి గ్రౌండంతా బురద. ఆట అయిపోవస్తున్నది, ఎవరూ గోల్ కొట్టలేదు. అజ్మత్ అందర్నీ దాటుకుని వచ్చేశాడు. ఎదురుగా గోల్ కాస్తూ మా గోలీ సైదులు ఒక్కడే. నేను పక్కనుంచి పరిగెత్తి, బురదలో జారుతూ పోయి, కాలు పెట్టి బాల్ లాగేశాను. బాల్ నాకు దొరికింది. మోకాలు నా కిందపడి మెలి తిరిగింది. అజ్మత్ నా మీదుగా ఎగిరి అవతల పడ్డాడు. గోల్ కాలేదు. కప్పును ఇద్దరికీ పంచారు. రెండు సంస్థల పెద్దసార్లు కప్పు చెవులు చెరొకటి పట్టుకుని ఫొటో దిగారు. నేను ఆస్పత్రిలో ఉన్నాను.

ఆ రోజునుంచి అజ్మత్ ఒకటే మాట. తనను లింబాద్రి ఆపలేదట. తాను మట్టిలో జారాడట. పెళ్ళిళ్ళలో చెప్పాడు, చావుల దగ్గర చెప్పాడు. రిటైరయ్యాక మేమిద్దరం రోజూ బజారు చాయ్ హోటల్లో ఒకే బల్ల మీద కూర్చునేవాళ్ళం. నేను ఆపానంటాను, అతను జారానంటాడు. చాయ్ చల్లారేది. అదే మాకు కాలక్షేపం.

ఇక అసలు సంగతి. మనం ఉండేది పై అంతస్తులో. కిందికి దిగాలంటే నేను మెట్ల మీద కూర్చుని, ఒక్కో మెట్టూ జరుగుతూ దిగుతాను, పసిపిల్లలు దిగినట్టు. కింది వాటా పిల్లలు ఆ వేళకు ఆట ఆపి చూస్తారు. నాకు కావలసింది ఒక్కటే, కాళ్ళ మీద దిగడం. డాక్టరు మోకాలు మార్చాలన్నాడు. పూర్వ క్రీడాకారుల సంక్షేమ మండలిలో మోకాలి పథకం ఉంది. అజ్మత్‌కు అందులోనే రెండు మోకాళ్ళూ కొత్తవి వేశారు. ఆస్పత్రినుంచి వచ్చిన మొదటి రోజు, ఎవరూ అడగకుండానే, చాయ్ హోటల్ మెట్లు ఎక్కి దిగి మళ్ళీ ఎక్కి చూపించాడు.

సరే అని నువ్వూ నేనూ మండలి ఆఫీసుకు వెళ్ళాం. అక్కడి డిప్యూటీ డైరెక్టరు పరాంకుశం గారు. మర్యాదస్తుడు. కుర్చీ వేయించి, మంచినీళ్ళు తెప్పించి ఆ తర్వాతే కాదన్నాడు. ఆయన అంతకుముందే ఏదో శిక్షణకు వెళ్ళొచ్చాడట. అక్కడ, ఇకనుంచి ఎవరికేమిచ్చినా ఫలితం కొలిచి ఇవ్వాలని చెప్పి పంపారట. కొలవగలిగినదే సేవ అని గోడకు పెద్ద అక్షరాలతో రాయించాడు. నువ్వే నాకు చదివి చెప్పావు.

"లింబాద్రి గారూ, మీ సుదీర్ఘ సేవలను మండలి ఎంతో గౌరవిస్తోంది. అయితే ఫలితాల గడిలో మీకు శూన్యం నమోదై ఉంది. సర్వీసు మొత్తంలో మీరు ఒక్క గోలు కూడా సాధించలేదు."

"నా గడి కాదు సారూ, అవుతలోళ్ళ గడి చూడుండ్రి. అది ఖాళీగుంటే నేను పని చేసినట్టు."

"అవతలివారి గడి మా పరిధిలోకి రాదు."

నువ్వు బియ్యం డబ్బా మూత బల్ల మీద పెట్టావు. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని దాన్ని గుండ్రంగా తిప్పుతూ అంతా చదివాడు. ఆట చప్పగా సాగింది. ఆట చప్పగా సాగింది. ఇవి మీరే స్వయంగా సమర్పిస్తున్న సాక్ష్యాలా అని అడిగాడు. అవునన్నాను. ఇవి మీకు వ్యతిరేకంగా ఉన్నాయన్నాడు, చాలా బాధపడుతూ.

తర్వాత మోకాళ్ళ సంగతి విడమరిచి చెప్పాడు. మోకాళ్ళు రెండు రకాలట. ఫలితం కోసం అరిగినది సంస్థాగత మోకాలు. ఫలితం లేకుండా అరిగినది వ్యక్తిగత మోకాలు. నాది వ్యక్తిగత మోకాలు. అంతకాలం దాన్ని సంస్థ పని మీద తిప్పినందుకు నా మీద చర్య తీసుకోవచ్చు గాని, వయసును దృష్టిలో పెట్టుకుని వదిలేస్తున్నామన్నాడు.

నువ్వు ఊరుకోలేదు. ఆపేవాళ్ళు లేకపోతే ఆట ఎలా ఉంటుంది, ఆపిన గోల్ కూడా కొట్టిన గోలంతే కదా అని వాదించావు. నీ వాదం ఆయనకు చాలా నచ్చింది. అక్కడే మనకు దెబ్బ తగిలింది. అధికారికి నచ్చకపోతే ఊరికే కాదంటాడు, ఇంటికొచ్చి పడుకోవచ్చు. నచ్చితే కమిటీ వేస్తాడు.

కమిటీ కూర్చుంది, ఆలోచించింది, కొత్త నిబంధన తెచ్చింది. నిరోధిత గోలు. అంటే నేను ఆపిన గోల్ కూడా ఇకనుంచి లెక్కలోకే వస్తుంది. కాకపోతే అది ఆపకపోతే నిజంగా గోల్ అయ్యేదని రుజువు కావాలి. బాల్ తెచ్చినవాడు ప్రమాణ పత్రం రాసివ్వాలి: తనకు గోల్ కొట్టే ఉద్దేశం ఉందని, శక్తి ఉందని, గాలిగాని మట్టిగాని రిఫరీగాని తన చేతగానితనంగాని కాక, దరఖాస్తుదారు ఒక్కడే తనను ఆపాడని. అది చాలదు. తాను ఎలాగూ ఆపలేకపోయేవాడినని గోలీ కూడా రాసివ్వాలి. ఇంకొకటి చివర్న చిన్న అక్షరాల్లో ఉంది. అలా ఒప్పుకున్న గోలును, కొట్టలేకపోయినవాడి ఖాతాలో విఫలయత్నంగా రాసి, అతనికి ఇంతకుముందు ఇచ్చిన సాయాన్ని పునఃపరిశీలిస్తారు.

ముందు సైదులు ఇంటికి వెళ్ళాం, అల్వాల్. సైదులుకు తుంటి పోయింది. కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. సంగతి విని కర్రతో తన తుంటి చూపించాడు.

"నేను ఆపకపోదును అని రాసిస్తే నా తుంటి పోతది అన్నా. గోలీలకు గూడ గదే పథకం. ఆపినవి సూపియ్యాలె."

"ఆపినవి వేరే లేవా నీకు?"

"ఉన్నయి. గని అందరు చూసింది గదొక్కటే. అది నేనే ఆపుతుంటి. నువ్వు నడుమల అడ్డమొస్తివి."

అంటే నేను ఆపిన గోలును సైదులు కూడా తన పేరు మీద దాఖలు చేశాడు. ఒకే గోల్, జరగనే లేదు, దాని కోసం ఇద్దరం క్యూలో ఉన్నాం.

తర్వాత అజ్మత్. చాయ్ హోటల్లో చెప్పాను. అతను కప్పు కింద పెట్టి చుట్టూ చూశాడు, ఎవరన్నా విన్నారేమోనని.

"నన్ను ఆపినోడు ఈ దునియాల పుట్టలే. మట్టి ఆపింది."

"అయితే మట్టితోని సంతకం పెట్టించుకొస్తవా?"

నవ్వాడు. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. ఒప్పుకుంటే తన మోకాళ్ళ సంగతేమిటని మెల్లగా అడిగాడు. ఆ భయం నాకూ ఉంది. పరాంకుశం గారిని అడిగి చెబుతానన్నాను. అడిగితే ఆయన ఏమన్నాడో నువ్వు విన్నావు. రికవరీకి నిబంధన ఉంది, విధివిధానాలు ఇంకా రూపొందించలేదు అన్నాడు. రికవరీ అంటే మోకాళ్ళే వెనక్కి తీసుకుంటారా సారూ అంటే, ఆ అంశం పరిశీలనలో ఉందన్నాడు. అజ్మత్‌కు ఈ మాట చేరవేశాక అతను రెండు రోజులు లుంగీ మోకాళ్ళ కిందికి లాక్కుని కూర్చున్నాడు.

సాక్షులు ముందుకు రావడం లేదని మండలి గ్రహించింది. దాంతో ఇంకో అడుగు వేసింది. దాని పేరు క్షేత్రస్థాయి పునర్నిర్మాణం. ఆ రోజు జరగనిదాన్ని మళ్ళీ జరపాలి. సబ్బుల సంస్థ పాత గ్రౌండులో అజ్మత్ బాల్ తీసుకుని రావాలి. సైదులు గోల్‌లో నిలబడాలి. నేను ఉండకూడదు. నేను లేకపోతే ఏమవుతుందో తెలుసుకోవడమే కదా కమిటీ పని. గోల్ పడితే, నేను లేకపోతే గోల్ అయ్యేదని తేలుతుంది, మోకాలు నాది. పడకపోతే నేను ఉన్నా లేనట్టే. సైదులు ఆపితే తుంటి అతనిది. దేశంలో ఇలాంటి పరీక్ష ఇదే మొదటిదని పరాంకుశం గారు సంతోషపడ్డాడు. ఆటగాళ్ళం ముగ్గురం డెబ్బై దాటినవాళ్ళం. దాని మీద ఎవరూ నోరెత్తలేదు, వయసుకు నిబంధనలో గడి లేదు.

ముందు రోజు అజ్మత్ చాయ్ తాగుతూ నా ముఖం చూడకుండా చెప్పాడు.

"తప్పు కొడత లింబా. నా మోకాళ్ళు నాకు కావాలె. కోపం పెట్టుకోకు."

పెట్టుకోనన్నాను. పెట్టుకోలేదు కూడా. అతని కాలు అతనికి, నా కాలు నాకు.

పరీక్ష రోజున గ్రౌండు ఎండి బీటలు తీసి ఉంది. ఆనాటి బురద తేవడానికి కమిటీ నీళ్ళ ట్యాంకరు అడిగిందట గాని, మంజూరు కాలేదు. అందువల్ల మట్టి అనే అంశాన్ని ఉద్దేశపూర్వకంగా మినహాయించామని పరాంకుశం గారు మైకులో ప్రకటించాడు. నన్ను గీత అవతల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, దరఖాస్తుదారు ఆటలో లేరు అని రాసుకున్నారు. గ్రౌండు పక్కన లారీలు నిలిపేవాళ్ళు, ఇటుక పనివాళ్ళు గుమిగూడారు. సైదులు కర్ర గోల్ కంబానికి ఆనించి చేతులు చాపాడు.

అజ్మత్ బాల్ తీసుకుని మెల్లగా నడిచాడు. తప్పు కొట్టడానికి వచ్చినవాడి నడకే అది. ఇంతలో గుంపులోంచి ఎవడో ఈల వేశాడు. ఆ ఈల వేయకుండా ఉండవలసింది. అజ్మత్ భుజం ఒకవైపు వాలింది. అంతే, నాకు తెలిసిపోయింది. మోకాళ్ళు, మండలి, రికవరీ, అన్నీ మరిచిపోయాడు వాడు. నాలుగడుగులు పరుగులాంటిది తీశాడు. సైదులు ఎడమకు ఒరిగాడు, గోల్ కుడివైపు వాకిలిలా తెరుచుకుంది.

నేను చేయవలసింది ఏమీ లేదు. కూర్చుంటే చాలు. జీవితంలో మొదటిసారి గోల్ పడితే నాకు లాభం. నిశ్చింతగా కూర్చున్నానని అనుకుంటున్నాను. చూస్తే కుర్చీ నా వెనకాల బోర్లా పడి ఉంది. బాల్ నా కుడికాలి కింద ఉంది. అజ్మత్ నేలమీద ఉన్నాడు. ఎలా వెళ్ళానో అడగకు బిడ్డా, నాకు తెలియదు. మోకాలికి మాత్రం తెలుసు, ఇప్పటికీ చెబుతున్నది.

గుంపు కేకలు వేసింది. పరాంకుశం గారు గడియారం చూసి రాయించాడు.

"గోలు నమోదు కాలేదు. అనగా దరఖాస్తుదారు లేకపోయినా గోలు అయ్యేది కాదని నిర్ధారణ అయినది."

మా తాతే కదా సార్ ఆపింది, మీ కళ్ళముందే కదా అని నువ్వు అరిచావు.

"దరఖాస్తుదారు ఆటలో లేరమ్మా. కుర్చీలో ఉన్నట్టు మా రికార్డు."

అజ్మత్ అక్కడ వెల్లకిలా పడుకుని నవ్వుతున్నాడు. లేపుదామని చెయ్యిచ్చాను. చెయ్యి పట్టుకున్నాడు గాని లేవలేదు.

"ఇయ్యాల మట్టి లేదు యార్."

"లేదు."

"అప్పుడు గూడ జారలే." పైకి చూస్తూ అన్నాడు. "సోమారం ఆఫీసుకొచ్చి చెప్త. మోకాళ్ళు తీస్కుంటే తీస్కోనీ."

ఇన్నేళ్ళు ఆ ఒక్క మాట కోసం నేను చాయ్ చల్లార్చుకున్నాను. విన్నప్పుడు అక్కడ కమిటీవాడు ఒక్కడూ లేడు, అందరూ సమోసాల దగ్గర ఉన్నారు.

వారంలోపే నాకు నోటీసు వచ్చింది. కుర్చీలో ఉన్నట్టు నమోదైన సమయంలో కుర్చీ వదిలి వెళ్ళినందుకు సంజాయిషీ ఇవ్వాలట. సోమవారం లోపల. నేను రాత్రంతా అజ్మత్ చెప్పిన మాట తిప్పి తిప్పి చూసుకున్నాను. వాడు చెప్తానన్నది చెప్పి తీరతాడు. సోమవారం ఇస్త్రీ బట్టలు వేసుకుని వెళ్ళి, పరాంకుశం ముందు నిలబడి, నన్ను లింబాద్రి ఆపాడు అని గట్టిగా చెబుతాడు. వాళ్ళు రాసుకుంటారు. రికవరీ విధివిధానాలు కూడా ఆ రోజే పుట్టిస్తారు, అలాంటి పనుల్లో వాళ్ళకు ఆలస్యం ఉండదు.

కాబట్టి శుక్రవారమే నీ చేత జవాబు రాయించాను. ఆబ్కారీ కప్పు ఫైనల్లో అజ్మత్ మట్టిలో జారి పడ్డాడు, నేను ఆపలేదు, నా దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు కలం ఆపి నా ముఖం చూశావు. రాయి అన్నాను. రాశావు.

సోమవారం అజ్మత్ వెళ్ళాడు. ఫైలు మూసేశామని చెప్పి, నా జవాబు చదివి వినిపించారట. ఆ రోజునుంచి నాతో మాటల్లేవు. చాయ్ హోటల్లో కప్పు తీసుకుని ఇంకో బల్ల దగ్గరికి పోయాడు. జారాను జారాను అని తన నోటితో తానే ఊరంతా చాటినవాడు, ఆ మాటే నేను రాసిచ్చినందుకు నా మీద కోపం పెట్టుకున్నాడు. నేను అబద్ధం ఆడానట.

ఇంకొకటి మరిచిపోయాను, అది కూడా రాయి. మొన్న మండలికి సర్కారు షీల్డు ఇచ్చింది. అనర్హమైన దరఖాస్తులను సమర్థంగా నిరోధించినందుకట. చప్పట్లకు మనుషులు కావాలని పాత ఆటగాళ్ళందర్నీ పిలిచారు. సైదులు తుంటి కూడా ఆ నిరోధించినవాటిలోనే ఉంది, అతనూ వచ్చాడు. నేను మెట్ల మీద జరుగుతూ దిగి వెళ్ళాను. పరాంకుశం గారికి శాలువా కప్పారు. కిందికి దిగి వస్తుంటే అడిగాను.

"మీరు ఆపకపోతే గవన్ని పాసయ్యేటివని ఎవరన్న రాసిచ్చిండ్రా సారూ?"

ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "మా శాఖ పని వేరు లింబాద్రి గారూ. మేము బాగా పని చేస్తే ఏమీ జరగదు. అదే మా ఫలితం."

నేను కూడా చప్పట్లు కొట్టాను. ఆటంటూ చూసినవాణ్ణి, బాగా ఆపినప్పుడు కొట్టాలి.

ఇక చాలు. ఇది మండలికి కాదు. రేపు అజ్మత్ ఇంటికి వెళ్ళి చదివి వినిపించు. వాడికి తెలుగు చదవరాదు గాని వింటే అంతా తెలుస్తుంది. మొదట్లో లేచి పోబోతాడు, కూర్చోమను. మోకాళ్ళు వెనక్కి అడుగుతారన్న చోట నిదానంగా చదువు. అప్పుడు కూడా జారలేదు అన్న చోట ఆగి, వాడి ముఖం చూడు. లేదు, జారాను అంటే ఆ ముక్క కొట్టేసెయ్, నాకేం అభ్యంతరం లేదు. ఏమీ అనకపోతే మాత్రం, చాయ్ ఇక్కడే పెట్టించానని చెప్పు. కొత్త మోకాళ్ళున్నవాడు వాడు, మెట్లెక్కి వాడే రావాలి.